నిమ్మచెట్టుకు ఐదు దారాలు

ఇల్లు, కుట్టుగది కిటికీ పక్కన
మే 4, ఆదివారం

అత్తకు,

ఈ రోజు మొదటి వింత: నీళ్ల డబ్బాలో కప్ప. మొక్కలకు పోద్దామని వంచబోతే లోపల కూర్చుని, ఇల్లు ఖాళీ చెయ్యమన్నప్పుడు అద్దెకున్నవాళ్లు చూసే చూపు చూసింది. నేనే వెనక్కి తగ్గి చెంబుతో పోశాను.

నిన్న సాయంత్రం హాస్టల్ నుంచి వచ్చాను. పరీక్షలు బాగా రాశాను. నువ్వూ నాన్నా నాకంటే ఒక్క రోజు ముందు ఆస్పత్రికి బయల్దేరడం మాత్రం బాగాలేదు. ఈ ఇంట్లోకి నేనే తాళం తీసుకుని రావడం ఇదే మొదటిసారి. తాళంచెవి ఇస్తూ గోడ అవతలి గడియారాల తాతయ్య, మీ అత్త వెళ్తూ వెళ్తూ కుండీలకు కూడా జాగ్రత్తలు చెప్పింది, నాకు మాత్రం వెళ్లొస్తానని చెప్పలేదని ఫిర్యాదు చేశాడు.

ఫోన్లో అయితే బాగున్నావా, బాగున్నాను, అంతటితో సరి. ఉత్తరమైతే దిండు కింద పెట్టుకోవచ్చని, నాకోసం పెట్టి వెళ్లిన చీటీలో రాశావు. తోటలో ఏం పెరిగింది, ఎవరొచ్చారు, ఈ రెండే రాయమన్నావు. సరే.

పెరిగినవి. బీరపాదు పందిరెక్కి, పట్టుకోవడానికి ఇంకేమీ లేక గాలిని పట్టుకుంటోంది. దానిమ్మకు పదకొండు పువ్వులు. మల్లెపొద నెత్తావులు విరజిమ్ముతూ ప్రత్యూష సమీరాన్ని పరవశింపజేస్తోంది. (నెత్తావి అంటే సువాసన. మొన్న లైబ్రరీలో దొరికింది. వాడకపోతే పాడైపోతుందని వాడేశాను.)

వచ్చినవాళ్లు. ఒక తేనెపిట్ట కుట్టుగది కిటికీ అద్దంలో తనను తాను చూసుకుని పొద్దున్నుంచీ పోట్లాడుతోంది. ఎవరు గెలుస్తారో తెలియదు. రెండు తొండలు, ఒక ఉడుత, లెక్కలేనన్ని చీమలు. తాతయ్య కూడా వచ్చాడు. ఆయన్ని ఏ జాబితాలో వెయ్యను?

చీటీలోని పనులన్నీ చేశాను. చీటీలో లేనిది కూడా ఒకటి చేశాను. నిమ్మచెట్టుకు నువ్వు దారం కట్టిపెట్టిన ఐదు కొమ్మలూ మొదలంటా కోసేశాను. కొట్లో పద్ధతే కదా, నాకు వేరే చెప్పాలా.

ఆపరేషన్ ఎప్పుడు? రెండు వారాల్లో వచ్చేస్తావు కదూ?

నీ గుండీ


కంటి ఆస్పత్రి, రెండో అంతస్తు, పద్నాలుగో మంచం
మే 8

గుండీ,

నీ ఉత్తరం మీ నాన్న రెండుసార్లు చదివాడు. మందు వేసినప్పుడల్లా కళ్లు మసకేస్తాయి, అందుకని వాడి చేత చదివించుకున్నాను. అక్షరాలు పెద్దవిగా రాస్తున్నందుకు నవ్వకు.

నీ ఉత్తరంలో మల్లెలకన్నా మాటలు ఎక్కువ పూశాయి. నెత్తావి అంటే మీ నాన్నకూ తెలియలేదు, నర్సుకూ తెలియలేదు. పక్క మంచం ఆవిడ అదేదో కొత్త జబ్బేమోనని భయపడింది. వాసన అని రాయవే. ఎంత దూరం నుంచి వస్తోంది, ఏ వేళప్పుడు వస్తోంది, అది రాయి. బీరతీగ గాలిని పట్టుకుంటోందన్నావు చూడు, అది బాగుంది. దానికొక పుల్ల పాతు.

ఇక నిమ్మచెట్టు. నీకు అక్షరాలకంటే ముందు దారాలు నేర్పాను. ఆల్టరేషన్‌కి వచ్చిన బట్ట మీద ఎర్రదారం ఉంటే అక్కడ కొయ్యాలి, పచ్చదారం ఉంటే అక్కడ చెయ్యి పెట్టకూడదు. ఇన్నేళ్లలో ఒక్కసారి తప్పావా? ఆ ఐదు కొమ్మలకూ పచ్చదారం కట్టి వెళ్లాను కదే. వాటి మీద సీతాకోకచిలుకల పురుగులున్నాయి. చిన్నప్పుడు పిట్ట రెట్టలా ఉంటాయి, ఎదిగాక ఆకురంగులోకి మారతాయి. ఏటా నేనే వాటిని ఏరి సబ్బునీళ్లలో వేసేదాన్ని. ఈ ఏడు వదిలేద్దామనిపించింది. ఎందుకని అడక్కు. పచ్చదారం చూసి కూడా ఎలా కోశావో నాకు అంతుపట్టడం లేదు. నేను తిట్టడం లేదు.

ఆపరేషన్ ఇరవయ్యో తారీకున. కుడి కన్ను సంగతి వదిలెయ్యమన్నాడు డాక్టరు. ఎడమ కంట్లో మిగిలిన చూపు నిలబెట్టే ప్రయత్నం చేస్తానన్నాడు. అది నిలబడితే చాలు, ఇంకో పదేళ్లు మిషను తొక్కుతాను. నీ చదువు పూర్తవుతుంది, నీకు రెండు డజన్ల జాకెట్లు కుట్టి పెడతాను.

అత్త

(ఇది నాన్న. తిట్టడం లేదని రాసింది గాని, రాస్తున్నంతసేపూ తిడుతూనే ఉంది. నేను విన్నాను. తలుపు గడియ వేసుకుని పడుకో.)


ఇల్లు
మే 12

అత్తా,

ఉత్తరం చదివిన వెంటనే పెరట్లో ఆకుల కుప్ప దగ్గరికి పరిగెత్తాను. కోసిన కొమ్మలు అక్కడే ఉన్నాయి. ఆకులు దోసిలిలా ముడుచుకుపోయాయి. ఒక్కొక్కటీ విప్పి చూశాను. చచ్చిపోయినవి తొమ్మిది. బతికున్నవి మూడు. ముట్టుకుంటే తల వెనక నుంచి చిన్న కొమ్ములు బయటికి తీసి బెదిరించాయి, కుళ్లిన నిమ్మకాయ వాసన వేసింది. పాత పోస్టుకార్డు మీదకు ఎక్కించి మళ్లీ చెట్టు మీద పెట్టాను. సాయంత్రానికి రెండింటిని చీమలు లాక్కుపోయాయి. ఒకటి మిగిలింది.

అవును, పచ్చదారమే. తప్పు నాదే. ఆ రోజు పొద్దున్నే సగం నిద్రలో ఉన్నాను, సరిగ్గా చూడలేదు. నీ పద్ధతిలో లోపమేమీ లేదు.

మల్లె వాసన గురించి అడిగావు. సాయంత్రం ఆరు దాటాక వస్తుంది. బావి గట్టు దాకా వచ్చి ఆగిపోతుంది. గాలి ఉంటే తాతయ్య కిటికీ దాకా వెళ్తుంది, ఆయన తుమ్ముతాడు.

బీరతీగకు పుల్ల పాతాను. ముట్టుకోలేదు. పక్కనున్న నీ చీపురు పట్టుకుంది.

గుండీ


ఇల్లు
మే 12

నాన్నా,

ఈ ఉత్తరం అత్తకు చదివి వినిపించకు. వేరే కవర్లో పంపుతున్నాను.

ఆ ఐదు దారాలూ నా ముందు బల్ల మీద ఉన్నాయి. ఐదూ ఎర్రవే. వెలిసిపోయిన ఎరుపు కూడా కాదు, నిగనిగలాడే కొత్త ఎరుపు. అత్త మాత్రం పచ్చదారం కట్టానని రాసింది. అత్త దారాల విషయంలో పొరబడదు. మనకు అన్నం పెట్టింది ఆ దారాలే.

కుట్టుగదిలోకి వెళ్లి చూశాను. దారం రీళ్ల పెట్టెలో ఎప్పుడూ వేరే వేరే అరల్లో ఉండే ఎరుపూ పచ్చా కలిసిపోయి ఉన్నాయి. పని పూర్తయి కొక్కేనికి వేలాడుతున్న చిన్నపిల్ల గౌను ఒకటుంది, ఆకుపచ్చది. దాని అంచు చుట్టూ ఎర్రదారంతో కుట్టి ఉంది. ఎంత చక్కటి కుట్టు నాన్నా. ఒక్కటీ వంకరపోలేదు.

తాతయ్యను అడిగితే చాలాసేపు తన కళ్లద్దాలు తుడుచుకున్నాడు. ఆ తర్వాత, చలికాలంలో ఒకావిడ వచ్చి రంగు తప్పిందని గొడవ చేస్తే మీ అత్త ఇప్పటి ఫ్యాషన్ అంతేనని నవ్వేసింది, అప్పటినుంచి నాకు అనుమానంగానే ఉంది అన్నాడు.

ఇది డాక్టరుకు తెలుసా? తెలియకపోతే చెప్పు. తెలియకుండా కత్తి పెడితే ఏమవుతుందో. నేను చెప్పానని మాత్రం అత్తతో అనకు. అత్తకు పచ్చదారమే అని రాశాను. నా పొరపాటుగా ఉండనీ.

గుండీ


కంటి ఆస్పత్రి, కింద టీ కొట్టు
మే 16

అమ్మడూ,

నాకు రాయడం రాదని తెలుసు కదా. టికెట్ కౌంటర్లో కూర్చునేవాణ్ని, అంకెలు వేయడమే తప్ప.

డాక్టరుకు చెప్పాను. ఆయన రంగుల కార్డులు తెప్పించాడు. మొదటి రోజు కూడా ఈ పరీక్ష చేశారు, అప్పుడు అక్క అన్నీ సరిగ్గానే చెప్పింది. ఎలాగా అని ఇప్పుడు అడిగితే, వరసలో ముందున్న మనిషి చెప్పినవి విని బట్టీ పట్టానంది. ఈసారి కార్డులు తారుమారు చేసి చూపించారు. ఎరుపు చూపిస్తే పచ్చ అంది. పచ్చ చూపిస్తే కాసేపు ఆలోచించి, మళ్లీ పచ్చే అంది.

రంగులు పోయి ఏడాది దాటిందట. అంటే కంటి వెనక నరం ఎండిపోయినట్టేనట. ఇప్పుడు ఆపరేషన్ చేస్తే ఉన్న మసక కూడా అక్కడికక్కడే పోవచ్చట. చెయ్యనన్నాడు. చెయ్యకపోతే ఎన్నాళ్లుంటుందని అడిగాను. వారాలు లెక్కపెట్టుకోండి అన్నాడు.

ఇంకో తప్పు జరిగింది. నువ్వు నాకు రాసిన ఉత్తరం అక్క దిండు పక్కన పెట్టి మందులకు వెళ్లాను. పక్క మంచం ఆవిడ, మేనకోడలి ఉత్తరం వచ్చిందని సంబరపడి, అక్కకు మొత్తం చదివి పెట్టింది. ఆవిడ తప్పేముంది.

నాన్న


పద్నాలుగో మంచం
మే 18

గుండీ,

ఇది నేనే రాస్తున్నాను. గీతలు ఒకదాని మీద ఒకటి ఎక్కితే ఎక్కనీ.

నువ్వు నాకు పచ్చ అని రాశావు. మీ నాన్నకు ఎరుపని రాశావు. ఒకే రోజు, ఒకే బల్ల మీద, ఒకే పెన్నుతో.

నన్ను చూసి జాలిపడేంత పెద్దదానివయ్యావన్నమాట. ఆ గౌను కొక్కేనికి నేను తగిలించింది నువ్వు చూడాలని కాదు.

ఆపరేషన్ లేదు. నా దగ్గర మిగిలిన ఒక్క తారీకూ పోయింది.

ఇక తోట సంగతులు రాయకు. మాటలు బాగా వచ్చినవాళ్లకు అబద్ధాలు కూడా బాగా వస్తాయి.


ఇల్లు
మే 25

అత్తా,

రాయవద్దన్నావు. నాలుగు రోజులు ఆగాను. కొత్త మాటలు రాసుకునే నా పుస్తకం తీసి చూస్తే అందులో నీకు చెప్పడానికి పనికొచ్చే మాట ఒక్కటీ లేదు. మూసేశాను.

నాన్నకు రాసినందుకు నన్ను క్షమించమని అడగను. మళ్లీ అలాంటిదే జరిగితే మళ్లీ రాస్తాను. నీకు అబద్ధం రాసినందుకు అడుగుతున్నాను. పచ్చ అంటే నీకు బాధ ఉండదనుకున్నాను. నీ బాధ నీకు తెలియకుండా దాచడానికి నేనెవర్ని.

మిగిలిన ఆ ఒక్క పురుగు సంగతి చెప్పాలి. పదమూడో తారీకున ఆకులు తినడం మానేసింది. నడుముకు ఒక్క పోగు చుట్టుకుని, కొమ్మకు ఆనుకుని, పైన పచ్చటి గూడైపోయింది. దానికి ఎండ తగలకుండా నీ పాత గుడ్డపీలిక అడ్డం కట్టాను. రోజూ పొద్దున లేవగానే ముఖం కడుక్కోకుండా వెళ్లి చూసేదాన్ని. నీ కోపం తగ్గేలోపు అది ఎగురుతుందని, ఆ వార్త నీకు రాయాలని ఆశపడ్డాను.

మూడు రోజుల క్రితం గూడు నల్లబడింది. తాతయ్య భూతద్దం పెట్టి చూసి, రెక్కల రంగు కనిపిస్తోంది, ఇక రేపో మాపో అన్నాడు. ఈ పొద్దున వెళ్లేసరికి గూటికి ఒక పక్క గుండుసూదితో పొడిచినంత బెజ్జం ఉంది. లోపల ఖాళీ. కొమ్మ మీద సన్నటి కందిరీగలు, ఆవగింజ కన్నా చిన్నవి, ఇరవై దాకా తిరుగుతున్నాయి. మెత్తగా ఉన్నప్పుడే ఆ గూట్లో కందిరీగ గుడ్లు పెట్టిందట. లోపలి సీతాకోకచిలుక ఎప్పుడో పోయింది. నేను ఇన్నాళ్లూ ఎండ తగలకుండా కాపాడింది వాటిని.

ఎగిరిపోయిందని రాయవచ్చు. ఎవరు చూడొచ్చారు? కాగితం ముందు పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. ఆ వాక్యం చాలా అందంగా కూడా వచ్చింది. రాయలేదు.

పన్నెండింటిలో ఒక్కటీ మిగల్లేదు అత్తా. నేనే కోశాను.

గుండీ


కంటి ఆస్పత్రి
మే 29

గుండీ,

రాసేది మీ నాన్న, చెప్పేది నేను. వాడు సొంత మాటలు కలిపితే వీపు మీద ఒకటి వేస్తానని చెప్పాను.

కందిరీగల సంగతి విని నవ్వు వచ్చింది. పక్క మంచం ఆవిడ కంగారుపడి నర్సును పిలిచింది. తర్వాత ఏడుపొచ్చింది, అది మామూలేనని ఎవరినీ పిలవలేదు. ఒసేయ్, తోటలోకి ఎవరొచ్చినా చుట్టాలే. కందిరీగలు కూడా మన ఇంట్లోనే పుట్టాయి. పిలవని పేరంటానికి వచ్చాయి, అంతే.

ఇక నేను చెప్పాల్సింది. ఈ ఏడు పురుగుల్ని ఎందుకు వదిలానని నువ్వు అడగలేదు. అడక్కు అని నేనే అన్నాను. ఇదే ఆఖరి వసంతమని నాకు తెలుసు. పువ్వు మసకలో కలిసిపోతుంది, కదిలేది మాత్రం ఇంకా కాస్త తెలుస్తుంది. నల్లటి రెక్కలు మొహం ముందు కొట్టుకుంటే తెలుస్తుంది కదా అనుకున్నాను. ఆస్పత్రి నుంచి వచ్చేసరికి అవి ఎగురుతుంటాయని లెక్క వేసుకున్నాను. ఇంత చిన్న ఆశ చెప్పుకోవడానికి సిగ్గేసింది.

డాక్టరు దగ్గర కూడా అందుకే బట్టీ పట్టాను. రంగు తెలియని టైలరు దగ్గరికి ఎవరొస్తారే? ముప్పై ఏళ్లు మిషను మీద వంగిన మనిషిని, నడుం నిటారుగా పెట్టి ఊరికే కూర్చోవడం ఎలాగో తెలియదు. నాకు చూపు పోతుందన్న భయం తక్కువ. ఊరికే కూర్చోవాలన్న భయం ఎక్కువ. నీ ఉత్తరం రాకపోయినా ఆ నరం ఎండిపోయే ఉండేది. ఆ మాట ఇన్ని రోజులకు గాని నా నోట రాలేదు.

ఒకటో తారీకు బండికి వస్తున్నాం. స్టేషనుకు రావద్దు. నన్ను చూడగానే నీ మొహం ఎలా మారుతుందో నాకు కనిపించదు, కాని తెలుస్తుంది. ఇంట్లోనే ఉండు. మిషను మీద దుప్పటి కప్పి పెట్టు.

అత్త

(అన్నీ చెప్పినట్టే రాశాను. ఒక్క మాట కలపలేదు. వీపు క్షేమం. నాన్న.)


ఇంటి నుంచి ఇంటికే, వంటింటి గుమ్మంలో
జూన్ 4

అత్తా,

ఈ ఉత్తరానికి స్టాంపు అక్కర్లేదు. నీ గది తలుపు ఇక్కడికి పది అడుగులు. సాయంత్రం టీ తెచ్చినప్పుడు నాన్న చదివి వినిపిస్తాడు. ఎదురుగా చెప్పబోతే నా గొంతు వణుకుతోంది, అది విని నువ్వు గోడ వైపు తిరుగుతున్నావు. కాగితానికి ఆ ఇబ్బంది లేదు.

నువ్వొచ్చి మూడు రోజులైంది. గది దాటి రాలేదు. తోటలో ఏముందని ఒక్కసారీ అడగలేదు. నిన్న తాతయ్య వస్తే నిద్రపోతున్నట్టు నటించావు. ఆయనకు తెలిసిపోయింది, అయినా గుసగుసగా మాట్లాడి వెళ్లాడు. నాన్న నీకోసం పెరటి దారి పొడవునా తాడు కడతానని మేకులు కొన్నాడు. నువ్వు వద్దన్నావు. ఆ మేకులు కిటికీలో తుప్పు పడుతున్నాయి.

నేను నీ కళ్లవుతానని అనను. అలాంటి వాక్యాలు పుస్తకాల్లో బాగుంటాయి. నెల రోజుల్లో నువ్వు నాకు నేర్పింది వాటిని కొట్టెయ్యడమే. పైగా జూలైలో నాకు కాలేజీ తెరుస్తారు. నేను వెళ్లాలి. వెళ్లకపోతే నువ్వే తరుముతావు.

అందుకని పని సంగతి మాట్లాడతాను. దొడ్డి మూల తొట్టిలో నువ్వు ఏప్రిల్లో చల్లిన వంగ నారు జానెడు ఎత్తు పెరిగిపోయింది. నాలుగు రోజుల క్రితమే తీసి నాటాల్సింది. వేళ్లు ఒకదానికొకటి చుట్టుకున్నాయి. ఇంకా ఆలస్యమైతే పనికిరాదు. నిరుడు సెలవుల్లో నేను నాటినవి ఒక్కటీ బతకలేదు, నీకు గుర్తుంది కదా. గుంత లోతు నాకు చేతకాదు. పుస్తకంలో చూసి స్కేలు పెట్టి కొలిచాను, అయినా చచ్చిపోయాయి. నువ్వు చూపుడువేలు మట్టిలోకి దించి, ఇక్కడ చాలు, ఇక్కడ ఇంకాస్త అనేదానివి. ఒక్కో చోట ఒక్కో లోతు. మట్టి కింద ఏముందో నువ్వు అప్పుడూ చూసి చెప్పలేదు. ఈ పని నా వల్లా కాదు, నాన్న వల్లా కాదు. తాతయ్య తన వల్ల అవుతుందంటున్నాడు, అది ఇంకా ప్రమాదం.

ఈ మధ్యాహ్నం నుంచి మబ్బు పట్టింది. రేపు ఎండ ఉండదట. నారు నాటడానికి అలాంటి రోజు మళ్లీ ఎప్పుడొస్తుందో.

మడి తవ్వి, నీళ్లు పెట్టి, గడ్డలు చిదిపి ఉంచాను. ఇరవై ఆరు మొక్కలు. రేపు పొద్దున ఆరింటికి నీ గది తలుపు బార్లా తీస్తాను. చెయ్యి పట్టుకోను. మూడు మెట్లు దిగి, ఎడమకు తిరిగితే మడి. గట్టు మీద పీట వేసి ఉంటుంది. గుంతలు నువ్వు తియ్యాలి, మొక్కలు నేను అందిస్తాను.